జపాన్ స్క్రూకి మన ప్లస్ డ్రైవర్ ఎందుకు జారుతుంది?

మిర్యాలగూడ దగ్గర మా బావ పొలంలో జపాన్ వరి నాటు మిషన్ సరిగ్గా నాట్ల సీజన్‌లోనే ఆగిపోయింది. కార్బురేటర్‌లో చెత్త చేరింది, అంతే. కానీ దాని కింద పెట్రోల్ నిలిచే గిన్నె స్క్రూలు ఊడితే కదా! ప్లస్ డ్రైవర్ పెట్టి తిప్పితే గాడిలోంచి పైకి జారుతోంది. ఇంకాస్త బలవంతం చేస్తే తలలు అరిగిపోయేలా ఉన్నాయి.

స్క్రూ తల మీద చిన్న చుక్క కనిపించింది. అది జపాన్ ప్రమాణమైన జేఐఎస్ గుర్తు (చుక్క లేనివీ ఉంటాయి). మామూలు ప్లస్ డ్రైవర్ 1930లలో అమెరికాలో వచ్చిన ఫిలిప్స్ రకం. దాని మొన జేఐఎస్ గాడిలో ముందే అడుగుకు తగులుతుంది, రెక్కలు గోడలకు పూర్తిగా ఆనవు.

జేఐఎస్ డ్రైవర్ ఆన్‌లైన్‌లో వచ్చేదాకా నారు ఆగదు. అందుకే పాత 2వ నంబరు డ్రైవర్ మొనను గ్రైండర్ మీద కొద్దిగా అరగదీశాను. మధ్యమధ్య నీళ్లలో ముంచాలి, లేకపోతే వేడికి ఉక్కు మెత్తబడుతుంది. స్క్రూలకు తుప్పు వదిలే నూనె పట్టించి కాసేపు ఆగాను. పిడి మీద సుత్తితో చిన్న దెబ్బ వేసి, గట్టిగా నొక్కుతూ తిప్పితే టక్కున వదిలాయి.

తర్వాత జేఐఎస్ డ్రైవరే కొన్నాను, ఫిలిప్స్ స్క్రూలకూ బాగానే పట్టుతోంది. యూరప్ ఫిట్టింగుల్లో ప్లస్ మధ్య నాలుగు సన్న గీతలుంటే అది పోజిడ్రైవ్, దాని డ్రైవర్ వేరు. కెనడాలో చతురస్రపు గాడి రాబర్ట్‌సన్ ఎక్కువట, మనకు దాని గోల లేదు.

గిన్నెకి మాత్రం అదే మర ఉన్న అలెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గాడి ఉండేవి) బిగించాను.