రంగుతో కొలత – మూడో పాఠం: లోతు సమానంగా ఉందా?

పోయిన పాఠంలో నీలం ఇంకు నీళ్లను ఐదు గ్లాసుల్లో ఒకదాని కంటే ఒకటి పలచగా చేసి వరసగా పెట్టమన్నాను. చాలామంది చెప్పింది ఒకటే మాట, మూడోదీ నాలుగోదీ ఒకేలా ఉన్నాయని. ఇంకు పలచన చేయడంలో తప్పేమీ లేదు, అది మళ్లీ చెప్పను. నరసాపురం నుంచి వచ్చిన ఫొటో చూడగానే అర్థమైంది: నాలుగోది సన్నటి టీ గ్లాసు. నీళ్లు అన్నిట్లో సమానంగానే పోశారు, కానీ సన్నగ్లాసులో అవే నీళ్లు ఎత్తుగా నిలబడ్డాయి. పైనుంచి చూస్తే కంటికి ఎక్కువ లోతు అడ్డం వచ్చింది, పలచటి రంగు చిక్కగా కనిపించింది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేసి చూడండి. గోడలు నిటారుగా ఉన్న గాజుగ్లాసులో రెండు వేళ్ల మందాన ఇంకు నీళ్లు పోసి, తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. ఇప్పుడు మంచినీళ్లు పోసి ఎత్తు రెట్టింపు చేయండి. పక్కనుంచి చూస్తే సగానికి సగం పలచబడింది, పైనుంచి మాత్రం రంగు అంతే ఉంటుంది! చేపల చెరువు నీళ్లకు రంగు చూసి కొలిచే టెస్ట్ కిట్ వాడేవాళ్లు కూడా గొట్టంలో గీత వరకే పోయాలి, కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోకూడదు. ఈ ఒక్క అశ్రద్ధే నాకు కోపం తెప్పిస్తుంది.

ఈ లోతునే పనిముట్టుగా వాడుకున్న యంత్రం డుబాస్క్ కలరీమీటర్. తెలిసిన ద్రావణం ఒక గిన్నెలో, తెలియనిది ఇంకో గిన్నెలో పోసి, పైనుంచి రెండు రంగులూ ఒకేలా కనిపించేదాకా లోతు మారుస్తారు. తెలిసినది 4 సెం.మీ., తెలియనిది 8 సెం.మీ. దగ్గర ఒకేలా కనిపిస్తే తెలియనిదాని చిక్కదనం సగం.

మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి కూడా రంగులు పోల్చేదే. ఆమ్లంలో మాలిబ్డేట్ అనే లవణమూ, దాన్ని నీలంగా మార్చే (క్షయకరణం చేసే) ఇంకో మందూ కలిపితే ఫాస్ఫేట్ ఉన్నంత మేరకు నీలం వస్తుంది. కండరాల సారంతో చేస్తే ఆ నీలం రావాల్సినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవారేమో. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు: ఏదో పదార్థం ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. అదే 1927లో వీళ్లు ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్, కండరం శక్తిని దాచుకునే పదార్థం. 1929లో ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు (అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నారు). తర్వాత అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం తెచ్చిన డీఈసీ మాత్రే ఈనాటికీ మన డెల్టాలో బోదకాలుకు ఇచ్చేది. అందుకే ఆయన పేరున ఈ పాఠాలు రాస్తున్నాను, దండ వేసి ఊరుకోకుండా ఆయన చేసిన పని మన చేతులతో ఓసారి చేసి చూద్దామని.

ఇక అభ్యాసం. ఇంట్లో ఎవరినైనా ఎంత ఇంకు వేశారో మీకు చెప్పకుండా ఇంకు నీళ్లు కలపమనండి. అచ్చంగా ఒకే రకం గ్లాసులు రెండు, ఒకదాంట్లో మీకు చిక్కదనం తెలిసిన ఇంకు నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్లు కలిపినవి, కింద తెల్ల కాగితం. కలపడానికి టిన్ను నీళ్లు. కాలువ నీళ్లు వద్దు, ఒండ్రు రంగు కలుస్తుంది. ట్యూబ్‌లైటు కింద కాదు, పొద్దున్నే వరండాలో చూడండి, నేనైతే ఎనిమిది లోపే చూస్తాను. చిక్కగా కనిపించే గ్లాసులోంచి చెంచాతో తీస్తూ, పైనుంచి రెండు రంగులూ ఒకేలా కనిపించగానే ఆపి, ఎత్తులు స్కేలుతో కొలిచి, చిక్కదనం లెక్కకట్టండి. మూడుసార్లు చేయండి. మూడు జవాబుల్లో పదోవంతుకు మించి తేడా వస్తే అప్పుడే నాలుగోసారి చూడకండి, కన్ను అలిసి ఉంటుంది, మర్నాడు మొదటినుంచి చేయండి. మూడు అంకెలూ రాసుకోండి, నచ్చనిది కొట్టేయకండి, వచ్చే పాఠం వాటితోనే.