మేలురకం చాక్లెట్‌ను తొలిసారి రుచి చూసేవారికి

మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన పండే కోకో గింజలతో చేసిన చాక్లెట్ బార్లు ఇప్పుడు హైదరాబాదులోనే దొరుకుతున్నాయి కనుక, వాటిని తొలిసారి కొనేవారు ఒక్క జాగ్రత్త తప్పక పాటించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తినకండి. కోకో వెన్న, అంటే కోకో గింజల్లోని కొవ్వు, సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది; అది కరిగితేనే అందులో దాగిన వాసనలు బయటికి వస్తాయి కాబట్టి చల్లటి ముక్క చప్పగానే అనిపిస్తుంది. మన వేసవిలో ఫ్రిజ్ తప్పదు. అయితే తినడానికి అరగంట ముందే బార్‌ను బయట పెట్టాలి, చల్లదనం పోయేదాకా పైకాగితం విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ దానిపై చేరి చక్కెరను కరిగిస్తుంది, ఆరిన తరువాత తెల్లటి గరుకు పొర మిగులుతుంది.

చిన్న ముక్క విరిచి, వాసన చూసి, ఒకటి రెండు సార్లు మాత్రమే కొరికి, నాలుకతో అంగిలికి అదిమి కరగనివ్వండి. మొదటి చేదు తగ్గిన తరువాత వచ్చే పులుపు, పండ్ల వాసన చాలావరకు గింజలను పులియబెట్టిన తీరువల్ల వచ్చినవే, వాటికోసమే ఇంత ఓపిక. బార్‌పై 70 శాతం అని ఉంటే అది కోకో పాళ్లను చెబుతుందే తప్ప నాణ్యతను కాదు. రెండు రకాలను పోల్చదలిస్తే తక్కువ శాతం ఉన్నదానితో మొదలుపెట్టి, మధ్యలో గోరువెచ్చటి నీరు తాగండి.