అమ్మే పశువులో మందు అవశేషాలు మిగలకుండా ఏం చేయాలి?

మాంసంలోనో పాలలోనో మందు అవశేషాలు దొరకడానికి మామూలు కారణం, ఏ పశువుకు ఏం వేశారో రాసి పెట్టుకోకపోవడం. అందుకే సీసా మూత తీయకముందే పశువుకు గుర్తు పెట్టండి. పాడి పశువైతే వెనక కాలికి ఎర్ర పట్టీ కట్టండి. పొద్దున సూది వేసిన మనిషే సాయంత్రం పాలు పితుకుతాడని నమ్మకం లేదు. పుస్తకంలో చెవి ట్యాగు నంబరు, తేదీ, గంట, మందు, మోతాదు, సూది వేసిన చోటు, అమ్మకూడని గడువు ఎప్పటితో తీరుతుందో రాయండి.

ఈ గడువును, అంటే మందు వేశాక పాలు, మాంసం అమ్మకుండా ఆగాల్సిన కాలాన్ని, చివరి డోసు నుంచి లెక్కపెట్టాలి. రోజంటే నిండా 24 గంటలు. సోమవారం సాయంత్రం 6కి చివరి డోసు వేస్తే, 5 రోజుల గడువు శనివారం సాయంత్రం 6కి తీరుతుంది. పాలకు, మాంసానికి గడువులు వేరువేరుగా ఉంటాయి, రెండూ చూసుకోండి.

లేబుల్ మీది గడువు ఆ జాతి పశువుకు, ఆ మోతాదుకు, ఆ విధంగా వేసినప్పుడే చెల్లుతుంది. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. నొప్పి, జ్వరం తగ్గించడానికి నరానికి ఎక్కించాల్సిన ఫ్లూనిక్సిన్‌ను కండకు వేస్తే అవశేషం ఎక్కువ రోజులు ఉంటుంది. మోతాదు సరిగ్గా ఉండాలంటే బరువు కంటి అంచనాతో కాక, బరువు కొలిచే టేపుతో కొలవండి. పశువులకు కండలో ఒక్కచోట 10 మిల్లీలీటర్లు మించకూడదన్నది సాధారణ నియమం. ఎక్కువైతే మందు అక్కడే పేరుకుంటుంది. లేబుల్ దాటి వాడాల్సి వస్తే కొత్త గడువు పశువైద్యుడే చెప్పాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న పశువులో, నీరసించిన పశువులో మందు నెమ్మదిగా బయటికి పోతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అయితే పెద్ద పశువుల మూత్రపిండాల్లో నెలల తరబడి ఉండిపోతుంది. మరో యాంటీబయాటిక్ అయిన క్లోరాంఫెనికాల్‌ను ఆహారం కోసం పెంచే పశువులకు వాడడం చాలా దేశాల్లో నిషేధం.

పొదుగువాపుకు ఒక్క చన్నులోనే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పారబోయాలి, మందు రక్తంలో కలిసి మిగతా వాటికీ చేరుతుంది. ఆ పశువును చివర్న పితకండి. ఆ పాలను మాంసానికి అమ్మబోయే దూడకు తాగించారంటే సమస్య దూడకు మారినట్టే.

మందు కలిపిన దాణా చేశాక మిక్సర్‌ను మామూలు దాణాతో ఒకసారి తిప్పి, ఆ దాణా వేరుగా తీసి, తర్వాతే అమ్మకపు పశువులకు కలపండి. కొన్న పశువుకు పాత చికిత్స వివరాలు రాతపూర్వకంగా అడగండి. అవి దొరక్కపోతే వెంటనే వధకు పంపవద్దు.

మందు పాలు పొరపాటున ట్యాంకులో పడితే, మిగతా పాలతో పలచబడతాయిలే అని పంపకండి. కాచినంత మాత్రాన మందు పోదు. ట్యాంకు ఆపి, పాలు కొనేవాళ్లకు చెప్పి, పరీక్ష చేయించండి.