హోమ్‌స్టేలో కరెంటు పోతే, నీళ్లు ఆగితే: ముందు ఏం చూడాలి, ఎవరికి ఫోన్ చేయాలి

అరకు, లంబసింగి, వికారాబాద్ చుట్టుపక్కల అద్దెకిచ్చే విల్లాలు, ఫామ్‌హౌస్‌లు చాలావరకు ఊరికి దూరంగా ఉంటాయి. నీళ్లకు సొంత బోరే దిక్కు. కరెంటు పోయి తిరిగి రాకపోతే, ట్యాంకులో ఉన్నవి అయిపోగానే నీళ్లూ పోతాయి. అందుకని చీకట్లో ఓనరుకు ఫోన్ కొట్టేముందే ఒక సంగతి తేల్చుకోవాలి: పోయింది ఇంట్లోనా, స్తంభం దగ్గరా, ఊరంతానా? ఇంట్లోదైతే కేర్‌టేకర్ పని, స్తంభానిదైతే లైన్‌మన్ పని. ఊరంతా పోతే ఓనరు చేయగలిగింది జనరేటర్ వేయించడమే.

పక్కింట్లో లైటు వెలుగుతోంది కదా అని కరెంటు ఉందనుకోకండి, అది ఇన్వర్టర్ కావచ్చు. వీధి దీపం చూడండి. మీరున్న ఇంట్లోనూ అంతే. లైట్లు, ఫ్యాన్లు తిరుగుతూ ఏసీ, గీజర్, ఫ్రిజ్ పనిచేయట్లేదంటే కరెంటు ఎప్పుడో పోయిందన్నమాట, బ్యాటరీ మీద బతుకుతున్నారు. తర్వాత మీటరు దగ్గరికి వెళ్లండి. మీటరు డిస్‌ప్లే ఆరిపోయి ఉంటే సరఫరా మీటరు దాకా రావట్లేదని దాదాపు ఖాయం. డిస్‌ప్లే వెలుగుతూ ఇల్లు చీకటిగా ఉంటే తేడా లోపలి బోర్డులోనే.

సరఫరాయే రాకపోతే 1912. కరెంటు సరఫరా సంస్థలు వేరు, అరకు ఏపీఈపీడీసీఎల్ కిందికి, వికారాబాద్ టీజీఎస్‌పీడీసీఎల్ కిందికి వస్తాయి కానీ రెండుచోట్లా ఫిర్యాదు నంబరు ఇదే. వాళ్లు మొదట అడిగేది సర్వీస్ నంబరు. అది కరెంటు బిల్లు మీద ఉంటుంది, చాలాచోట్ల మీటరు పక్కన గోడ మీద కూడా రాసి ఉంటుంది. ఇల్లు అప్పగించేటప్పుడే బిల్లు ఫోటో ఒకటి ఫోన్లో తీసి పెట్టుకుంటే ఆ రాత్రి వెతుకులాట తప్పుతుంది. స్తంభం మీద ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర డీవో ఫ్యూజు (కాలితే కిందికి వేలాడేది) లైన్‌మన్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. కర్రతో కొడితే పడుతుందని కేర్‌టేకర్ ధైర్యం చేసినా సరే, వద్దనండి.

తేడా బోర్డులోనే ఉంటే కాస్త ఓపిక కావాలి. చేతులు, కాళ్లు పొడిగా ఉండాలి, చెప్పులు వేసుకుని నిలబడాలి. బోర్డులో ఒక్కో లైనుకీ ఉండే ఆటోమేటిక్ స్విచ్‌ను ఎంసీబీ అంటారు. అది ట్రిప్పయితే, అంటే తనంతట తానే ఆగిపోతే, మీట చాలాసార్లు పూర్తిగా కిందికి పడదు, మధ్యలో ఆగుతుంది. ముందు పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే పైకి లేపాలి. లోడు ఎక్కువై ట్రిప్పయితే లోపలి పట్టీ చల్లారడానికి రెండు మూడు నిమిషాలు ఆగండి. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే 9 ఆంపియర్లు లాగుతుంది. రెండు బాత్రూముల గీజర్లు, ఒక ఏసీ, పైన ఎలక్ట్రిక్ కెటిల్ కలిస్తే పాత ఇళ్ల మెయిన్ తట్టుకోదు. లేపిన వెంటనే టప్పున పడిపోతే అది లోడు కాదు, ఎక్కడో షార్ట్. మళ్లీ మళ్లీ లేపకండి.

పడింది ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) అయితే వరస వేరు. దాన్ని గుర్తుపట్టడం తేలికే: వెడల్పుగా ఉంటుంది, ‘టి’ అక్షరంతో చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, ఇళ్లలో మామూలుగా 30 మిల్లీఆంపియర్లది వాడతారు. కరెంటు ఎక్కడో భూమిలోకి జారుతోందని అది చెబుతోంది. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కో ఎంసీబీ వేస్తూ రండి. ఏది వేసినప్పుడు పడిందో ఆ లైనులోనే లీకేజీ. దాన్ని దించేసి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు. వానాకాలంలో మొదటి అనుమానం తోటలో లైట్ల మీద, రెండోది గీజర్ మీద. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే ప్లగ్గులన్నీ పీకి చూడండి. సింగిల్ పోల్ (ఒక్క తీగనే ఆపే) ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది, లీకేజీ అటునుంచీ రావచ్చు. ప్లగ్గులు తీసినా నిలవకపోతే ఎలక్ట్రీషియన్ రావాల్సిందే. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టు కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. బాత్రూములో షాక్ కొట్టకుండా అడ్డు నిలిచేది అదే.

ఇంకొకటుంది, ఇది అన్నిటికన్నా ప్రమాదం. కొన్ని లైట్లు కళ్లు మిరుమిట్లు గొలిపేలా, కొన్ని గుడ్డిగా వెలుగుతున్నాయంటే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. త్రీ ఫేజు ఇంట్లో అప్పుడు 230 వోల్టుల ప్లగ్గులోకి 400 దాకా రావచ్చు. ఆలోచించకుండా మెయిన్ దించేయండి, తర్వాతే 1912.

ఇన్వర్టర్ ఎంతసేపు వస్తుందో లెక్క ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. నాలుగు ఫ్యాన్లు నడిస్తే 300 వాట్లు, అంటే బ్యాటరీ కొత్తదైతే నాలుగు గంటలు, పాతదైతే అందులో సగం అనుకోండి. కెటిల్, ఇస్త్రీపెట్టె పెడితే కీచుమని ఆగిపోతుంది. అవి తీసేసి, ఆపి, మళ్లీ ఆన్ చేయాలి.

ఇక నీళ్లు. కరెంటు లేకపోయినా రాత్రి గడుస్తుంది, నీళ్లు లేకపోతే పిల్లలతో తెల్లవారదు. కాబట్టి కరెంటు పోయిన నిమిషం నుంచే పొదుపు మొదలుపెట్టండి. ఫ్లష్ నొక్కితే 6 నుంచి 10 లీటర్లు పోతాయి, అర బకెట్ గుమ్మరిస్తే సరిపోతుంది. స్విమ్మింగ్ పూల్ ఉంటే ఆ పనికి దాని నీళ్లు హాయిగా వాడుకోవచ్చు.

ఒక్క కుళాయే రాకపోతే కింద యాంగిల్ కాక్ (గోడ దగ్గర ఉండే చిన్న వాల్వు) మూసి ఉందేమో చూడండి. వేడి నీళ్లు మాత్రమే రాకపోతే గీజర్ కింద వాల్వు. అన్నీ ఆగిపోతే ట్యాంకు. మేడ ఎక్కి ట్యాంకును కిందినుంచి పైకి తట్టుకుంటూ రండి, మొద్దు చప్పుడు ఎక్కడ డొల్లగా మారుతుందో నీళ్లు అక్కడిదాకే. కరెంటు ఉండీ మోటారు ఎక్కకపోతే స్టార్టర్ డబ్బా మీద వోల్టు మీటరు చూడండి. 180 కంటే తక్కువ చూపిస్తుంటే వేయకండి. లో వోల్టేజీలో మోటారు మూలుగుతుంది గానీ తిరగదు, వైండింగ్ కాలిపోతుంది. మోటారు తిరుగుతున్నా నీళ్లు పడట్లేదంటే వెంటనే ఆపి, మీటర్ల ముళ్లు కనిపించేలా తీసిన వీడియో కేర్‌టేకర్‌కు పంపండి. అమ్మీటరు (మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూపేది) మామూలుగా ఎంత చూపిస్తుందో అతనికి తెలుసు, బోరు ఎండిందా, కెపాసిటర్ పోయిందా అన్నది దాన్నిబట్టి చెప్పగలడు.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండితే పైపుల్లో గాలి పడుతుంది. కింది అంతస్తు కుళాయి ముందు తిప్పి, బుస్సుమనడం ఆగేదాకా వదిలేయండి. వేడి నీళ్ల కుళాయిలో ధార నిండుగా వచ్చేదాకా గీజర్ స్విచ్ వేయొద్దు. నీళ్లు లేని గీజర్‌లో కాయిల్ ఇట్టే మాడిపోతుంది, ఆ బిల్లు మీ మీదికే వస్తుంది.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి. చలికాలం లంబసింగిలో కరెంటు లేదని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులేసుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి వాసన ఉండదు. జనరేటర్ వరండాలో పెట్టినా ఇదే ముప్పు.

డబ్బు సంగతికి వస్తే, ఎయిర్‌బీఎన్‌బీలో అయితే సమస్య కనిపెట్టిన 72 గంటల్లోపు చెప్పాలి, ఫోటోలో వీడియోలో జతచేయాలి. నేరుగా ఓనరుకే ఫోన్‌పే కొట్టి బుక్ చేసుంటే వాట్సాపే ఆధారం. రాత్రి ఫోన్లో ఏం మాట్లాడుకున్నా, ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి చెప్పారు, ఆయన ఏమన్నారు అన్నది వెంటనే మెసేజ్‌గా పెట్టండి. బేరం కుదరకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు పనికొచ్చేవి ఆ మెసేజ్‌లే.