ఆటిజం ఉన్న పిల్లలకు మానసిక పరీక్షలు ఎప్పుడు చేయించాలి?

ఆటిజం నిర్ధారణ అయ్యాక కూడా బడివాళ్లో, థెరపిస్టో "ఒకసారి సైకాలజిస్టుతో టెస్టింగ్ చేయించండి" అంటుంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఒకటి తేల్చుకోండి: ఫలితం వచ్చాక మీరు దేన్నైనా మార్చబోతున్నారా? బడి, థెరపీ, మందు, ఇంట్లో నేర్పే పద్ధతి, ఏదైనా సరే. మారేదుంటే చేయించండి. ఏదీ మారకపోతే పిల్లవాడిని గంటల తరబడి కూర్చోబెట్టాల్సిన పని లేదు.

1. ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"మా బాబు ఎంతవరకు ఎదిగాడో చూడాలి" అంటే సైకాలజిస్టుకు దారి దొరకదు. "నోటితో అడిగిన లెక్క చేస్తాడు, అదే లెక్క పుస్తకంలో ఉంటే వదిలేస్తాడు. చదవడం కష్టమా, రాయడం కష్టమా, ధ్యాస నిలవడం లేదా?" అంటే దొరుకుతుంది. ఏ పరీక్ష పెట్టాలో ఆ ప్రశ్నే చెబుతుంది: తెలివితేటలకు ఒకటి, చదువుకు మరొకటి, రోజువారీ పనులకు వైన్‌ల్యాండ్ లాంటిది ఇంకొకటి.

2. ముందు ఒంటి సంగతి చూడండి

వినికిడి, చూపు పరీక్షలు అయ్యాయా? సరిగా వినిపించని పిల్లల మార్కులు తెలివి గురించి ఏమీ చెప్పవు. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, నిద్రలేమి ఉన్నాయేమో చూపించండి. మాటలు రాని పిల్లలు నొప్పిని తల కొట్టుకోవడంతోనో, చెయ్యి కొరుక్కోవడంతోనో చెబుతారు. వచ్చిన మాటలు పోతున్నా, మూర్ఛ అనుమానం ఉన్నా టెస్టింగ్ కోసం ఆగకండి, వెంటనే డాక్టరును కలవండి. చావు గురించి మాట్లాడుతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా అంతే: ఆ రోజే వైద్య సాయం కావాలి.

3. చేయించాల్సిన సందర్భాలు

బడిలో చేర్చేటప్పుడు, బడి మారేటప్పుడు, చదువు ముగించి పని వైపు వెళ్లేటప్పుడు పరీక్ష బాగా అక్కరకొస్తుంది. సాయం అందుతున్నా నెలల తరబడి చదువు ముందుకు కదలకపోతే అభ్యసన లోపం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది) ఉందేమో చూడాలి. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం), ఆందోళన, కుంగుబాటు ఉండటం మామూలే. "ఆటిజం కదా, అలాగే ఉంటాడు" అని అన్నిటినీ ఒకే గాటన కడితే వైద్యం చేయదగినది కూడా మిగిలిపోతుంది.

పాత రిపోర్టు మాట మరచిపోకండి. మూడు నాలుగేళ్లప్పుడు వచ్చిన ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె) అంత స్థిరమైనది కాదు. దాన్ని చూసి తొమ్మిదేళ్ల పిల్లకు "ఇంతకు మించి రాదు" అంటున్నారంటే మళ్లీ చేయించే సమయం వచ్చినట్టే.

వైకల్య సర్టిఫికెట్ కోసమైతే, ఏ పరీక్ష ఒప్పుకుంటారో, రిపోర్టు ఎంత కాలంలోపుదై ఉండాలో ముందే కనుక్కోండి.

4. ఆగాల్సిన సందర్భాలు

జ్వరం, కొత్త మందు మొదలైన వారాలు, ఇల్లు మారిన హడావిడి. అలాగే అదే ఐక్యూ పరీక్షను ఏడాదిలోపు మళ్లీ పెడితే అలవాటు వల్ల మార్కులు పెరగవచ్చు. వేరేచోట ఇప్పటికే చేయించి ఉంటే ఆ సంగతి చెప్పండి.

5. సైకాలజిస్టును ఇవి అడగండి

"మాటలు రాని పిల్లలకు పరీక్ష పెట్టిన అనుభవం ఉందా? ఏ పరీక్ష వాడతారు?" మాటతో జవాబు చెప్పాల్సిన పరీక్ష మాట్లాడని పిల్లవాడి తెలివిని కొలవదు, మాటను కొలుస్తుంది. లైటర్, రేవెన్స్ అనే పరీక్షల లాంటివాటిలో నోరు విప్పాల్సిన పని లేదు.

మొత్తం ఐక్యూ ఒక్కటే ఇస్తే సరిపోదు, విడివిడి స్కోర్లు కావాలి. వీటిలో సగటు 100. ఒక పిల్లకు ఆకారాల మధ్య సంబంధం పట్టుకోవడంలో 115, పెన్సిల్‌తో వేగంగా చేయడంలో 75 వచ్చాయనుకోండి. రెండూ కలిపి ఒక అంకె వేస్తే ఆమె బలం కనబడదు, ఆమెకు అదనపు సమయం ఎందుకు కావాలో కూడా తెలియదు.

6. పరీక్ష రోజు

పిల్లవాడు హుషారుగా ఉండే వేళ అడగండి. రెండు మూడు గంటల పని ఉంటే రెండు రోజులకు పంచమనండి. కళ్లద్దాలు, వినికిడి పరికరం, మాట్లాడేందుకు వాడే బొమ్మల కార్డులు లేదా ట్యాబ్ వెంట ఉండాలి. రోజూ వేసే మందు ఆ రోజు వేయాలా వద్దా అన్నది ముందే కనుక్కోండి. అలసిపోతే ఏం చేస్తాడో (చెవులు మూసుకుంటాడా, బల్ల కిందికి దూరతాడా) లోపలికి వెళ్లకముందే చెప్పండి. ప్రశ్నలు ముందే తెచ్చి ఇంట్లో నేర్పించవద్దు.

రోజువారీ పనుల గురించి మీరు నింపే ఫారాల్లో పొరపాటు పడటం తేలిక. చొక్కా గుండీలు పెట్టుకోగలడా అన్నది కాదు, ఎవరూ చెప్పకుండా రోజూ పెట్టుకుంటున్నాడా అన్నదే అడుగుతారు. ప్రతి గుండీకీ మీరు గుర్తుచేయాల్సి వస్తే అది "తానే చేస్తాడు" కిందికి రాదు.

7. రిపోర్టు చేతికొచ్చాక

విడిగా కూర్చుని వివరించమనండి. మీరు మొదట రాసుకున్న ప్రశ్నకు జవాబు ఏ పేజీలో ఉందో చూపించమనండి. బడిలో, ఇంట్లో ఏం మార్చాలో రాతపూర్వకంగా తీసుకోండి. "పిల్లవాడు సహకరించలేదు" అని రాసి పక్కనే ఐక్యూ అంకె వేసి ఉంటే దాన్ని అతని సామర్థ్యంగా ఒప్పుకోవద్దు. "ఈసారి అంచనా వేయలేకపోయాం" అని రాయమని, మాట అవసరం లేని పరీక్షతో మరో రోజు ప్రయత్నించమని అడగండి.