మౌంటెన్ బైక్ విడిభాగాలు: డబ్బు ముందుగా ఎక్కడ పెట్టాలి

మౌంటెన్ బైక్ కొనేవారి చూపు చాలాసార్లు వెనుక డీరైలర్ (గేర్లు మార్చే భాగం) మీదున్న పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసే, కంటికి కనిపించే ఆ ఒక్క భాగాన్ని మాత్రం మంచిది అమర్చి, హబ్బుల్లోనూ (చక్రాల నడిమి భాగాలు) బ్రేకుల్లోనూ పొదుపు చేసిన సైకిళ్లు బజారులో ఎన్నో ఉన్నాయి. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం మన్నాలంటే బరువు మోసే భాగాలకూ, బండిని ఆపే భాగాలకూ ముందుగా డబ్బు కేటాయించి, మిగిలింది గేర్లకు పెట్టాలి.

అన్నిటికంటే ముందు పరీక్షించవలసింది వెనుక హబ్. చవక సైకిళ్లలో పళ్ల చక్రాలన్నీ కలిసి ఒక ఫ్రీవీల్‌గా హబ్ మీద మరతో బిగించి ఉంటాయి. ఈ అమరికలో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉండిపోతుంది కాబట్టి, అక్కడి నుంచి ఫ్రేమ్ వరకు ఇరుసుకు ఆధారం ఉండదు. రాళ్ల దారిలో దెబ్బలు తిన్నకొద్దీ అది వంగుతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది కూడా. షిమానో కంపెనీ క్యాసెట్ హబ్బుల్లో పళ్ల చక్రాల గుత్తి (క్యాసెట్) ఫ్రీహబ్ అనే హబ్ భాగం మీదికి జారి కూర్చుంటుంది; ఆ బేరింగ్ ఫ్రీహబ్ బయటి అంచుకు దగ్గరగా ఉండడం వల్ల ఇరుసు నిలుస్తుంది. ఏడు గేర్ల సైకిల్ చూపిస్తే, అది ఫ్రీవీలో క్యాసెట్టో దుకాణదారుని తప్పక అడగండి. పైగా ఈ హబ్బులను విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, అరిగిన బాల్స్ మార్చుకోవచ్చు. వదులైన కోన్‌ను (బేరింగ్ బాల్స్‌ను నొక్కి ఉంచే మర భాగం) వెంటనే బిగించుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

గేర్ల విషయంలో షిమానో మధ్యశ్రేణి సెట్ డియోర్ స్థాయి దాటాక, పెట్టే అదనపు డబ్బులో ఎక్కువ భాగం బరువు తగ్గడానికే పోతుందని నా అభిప్రాయం. 2020లో వచ్చిన పన్నెండు గేర్ల డియోర్ చాలా మంచిదే, కాని దాని 10-51 పళ్ల క్యాసెట్‌కు మైక్రో స్ప్లైన్ అనే కొత్త రకం ఫ్రీహబ్ కావాలి. పాత చక్రాన్నే ఉంచుకోదలచినవారికి మైక్రోషిఫ్ట్ కంపెనీ అడ్వెంట్ తొమ్మిది గేర్ల సెట్ మేలు, ఎందుకంటే అది పాత తరహా షిమానో ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. ఏది కొన్నా చైన్ అరుగుదల కొలిచే చిన్న పరికరం ఒకటి దగ్గర పెట్టుకోండి. పది గేర్ల వరకు 0.75 శాతం, పదకొండు, పన్నెండు గేర్లకు 0.5 శాతం సాగగానే చైన్ మార్చేస్తే, చైన్ కంటే ఖరీదైన క్యాసెట్ అరిగిపోకుండా ఉంటుంది.

బ్రేకులకు షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ సెట్ సామాన్యుడికి సరిపోతుంది. అందులో వాడే మినరల్ ఆయిల్, కొన్ని ఇతర బ్రేకుల్లో వాడే డాట్ ద్రవంలా గాలిలోని తేమను పీల్చుకోదు. అనంతగిరి కొండల ఎర్రమట్టిలో వానాకాలం తొక్కేవారికి రెసిన్ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. అయితే రోటర్ (ప్యాడ్లు పట్టే బ్రేకు పళ్లెం) మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే, రోటర్‌ను కూడా మార్చకుండా మెటల్ ప్యాడ్లు వేయకూడదు.

డ్యాంపింగ్ (స్ప్రింగ్ ఎగుడుదిగుళ్లను అదుపు చేసే ఏర్పాటు) లేని చవక స్ప్రింగ్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే భాగం) కంటే, సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కే నయం.

చక్రం ఆర్డర్ చేసే ముందు ఫ్రేమ్ వెనుక వెడల్పు 135, 142, 148 మిల్లీమీటర్లలో ఏదో, ఇరుసు క్విక్ రిలీజా (లీవర్‌తో బిగించే సన్న కడ్డీ), త్రూ యాక్సిలా (ఫ్రేమ్ గుండా దూరి మరతో బిగిసే లావు ఇరుసు) కొలిచి రాసుకోండి.