బడులు తెరిచేలోపు: తరచూ కడుపునొప్పి అనే పిల్లల కోసం

నాటకం అని కొట్టిపారేయకండి. నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, వాంతులు, బరువు తగ్గడం ఉంటే అమలాపురమో భీమవరమో, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నొప్పి వచ్చిన రోజు క్యాలెండర్ మీద రాయండి. మా చిన్నదానికి సోమవారాలే వచ్చేది. తీరా చూస్తే ఎక్కాలు అప్పజెప్పాలన్న టెన్షన్. నొప్పి మాత్రం నిజమే, పాపం, బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుని ముడుచుకుపోయేది.

బడి మరుగుదొడ్డి మీరే చూసి రండి. వెళ్లలేక బిగబట్టుకుంటే మలబద్ధకం, దాంతో మళ్లీ కడుపునొప్పి.

సీసాలో కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యండి. కాలువలకు కొత్తనీరు వదిలే రోజులివి.

ఖాళీ కడుపుతో ఆటో ఎక్కించకండి. ఒక్క ఇడ్లీ అయినా సరే.

నొప్పి అని బడి మధ్యలో ఇంటికి తెస్తే ఫోన్ ఇవ్వకండి, పడుకోబెట్టండి.